లెగో ఇటుకలు, ఏఐ ఏజెంట్లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ టూల్ రాస్తున్నాను. బొడిపెలతో ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలైన లెగోలో ఏ ముక్క ఉంది, దాని నంబరేంటి, ఏ రంగుల్లో వచ్చింది, కొలతలేంటి అని ఏఐ ఏజెంట్ అడిగితే జవాబివ్వడమే దాని పని. ఏజెంట్ అంటే మనం పని చెబితే తనే ఆలోచించుకుని, కావలసిన టూల్స్‌ని పిలుచుకుని పూర్తిచేసే ఏఐ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఏఐకి బయటి టూల్స్‌ని కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని విడుదల చేశాక ఇలాంటివి రాయడం తేలికైంది. దీనిమీద నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "అన్నీ తెలిసిన ఏఐకి మళ్ళీ లిస్టెందుకేటి?"

వాస్తవం: అడ్డంగా రెండు, పొడవునా నాలుగు బొడిపెలుండే రెండు బై నాలుగు ఇటుక నంబరు 3001 అని ఏ ఏఐ మోడలైనా చెప్పేస్తుంది. ఇంటర్నెట్‌లో ఆ నంబరు అన్నిసార్లు కనిపిస్తుంది మరి. అరుదైన ముక్క అడిగితే మాత్రం అసలు లేని నంబరుని కూడా అంతే ధీమాగా చెప్పగలదు. నంబరు సరైనదే అయినా, మనం అడిగిన రంగులో ఆ ముక్క ఎప్పుడూ తయారై ఉండకపోవచ్చు. ఒకే ముక్కకి కాలాన్నిబట్టి నంబర్లు మారడం ఇంకో చిక్కు. ఒకటి బై రెండు ప్లేట్ (పలుచని ముక్క) మీద మధ్యలో ఒకే బొడిపె ఉండే ముక్క పాత నంబరు 3794, కొత్తది 15573. ఇవి గుర్తున్నంతవరకు చెప్పే సంగతులు కావు, చూసి చెప్పాల్సినవి. రీబ్రికబుల్ అనే లెగో ముక్కల వెబ్‌సైట్ తన క్యాటలాగుని ఎవరైనా దించుకునేలా ఉంచుతోంది. ఏ ముక్క బదులు ఏది వాడొచ్చో కూడా అందులో ఉంటుంది. అలాంటి డేటా అందుబాటులో ఉండగా ఏఐ జ్ఞాపకం మీద ఆధారపడటం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: నంబరు, రంగు కోడ్ ఇస్తే చాలు.

వాస్తవం: ఎవరి కోడ్? మామూలు ఎరుపుకి లెగో కంపెనీ కోడ్ 21. లెగో ముక్కలు కొని, అమ్ముకునే బ్రిక్‌లింక్ సైట్‌లో అది 5. డిజిటల్ మోడళ్ళు రాసుకునే ఎల్‌డ్రా ఫార్మాట్‌లో 4. బ్రిక్‌లింక్ నుంచి తెచ్చిన 5ని అలాగే ఎల్‌డ్రా ఫైల్లో పెడితే ఎర్రగోడ కాస్తా ముదురు గులాబీ అవుతుంది. ఏ ఎర్రరూ రాదు, అదే ప్రమాదం. అందుకే టూల్ ఇచ్చే ప్రతి కోడ్ పక్కనా అది ఎవరిదో పేరు ఉండి తీరాలి.

అపోహ: మొత్తం జాబితా ఇచ్చేస్తే ఏఐయే ఏరుకుంటుంది.

వాస్తవం: అంతా ఏఐ చేత చదివిస్తే ఖర్చు పెరుగుతుంది, ముఖ్యమైనది మరుగున పడుతుంది. అడిగిన కొలత, రంగు, రకం ప్రకారం వడకట్టి కొన్ని కొన్నిగా పంపాలి.

అపోహ: ముక్కలన్నీ జాబితాలో ఉన్నాయంటే కట్టడం నిలబడుతుంది.

వాస్తవం: మా విజయనగరం ఘంటస్తంభాన్నే తీసుకోండి. ఎత్తు 68 అడుగులు, ఆకారం అష్టభుజి. యాభయ్యో వంతుకి కుదిస్తే సుమారు 41 సెంటీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు కాబట్టి దాదాపు 43 వరసలు. ఇంతవరకు సులువే. కష్టమంతా ఏటవాలు గోడలతోనే. నేలమీద అడ్డంగా 5, ముందుకి 5 బొడిపెలు దాటే గోడ పొడవు 7.07 బొడిపెలు, అక్కడ 7 పెడితే దాదాపు కుదురుతుంది. అదే 4, 4 అయితే 5.66, ఏ ఇటుకా సరిపోదు. మలుపు దగ్గర పెట్టే, కీలులా తిరిగే హింజ్ ముక్కల్ని టూల్ వెతికిపెడుతుంది కానీ గోడలు కలుస్తాయో లేదో చూడటం వేరే ప్రోగ్రాం పని. ఎల్‌డ్రాలో ఇంకో మెలిక ఉంది. అక్కడ ఒక యూనిట్ 0.4 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 24 యూనిట్లు, నిలువు అక్షం కిందికి పెరుగుతుంది. పై వరసకి వెళ్లాలంటే 24 తీసెయ్యాలి. ఈ మాట టూల్ వివరణలోనే రాయకపోతే ఏజెంట్ స్తంభాన్ని తలకిందులుగా పేరుస్తుంది.

అపోహ: తెలుగులో అడిగితే పనిచేయదు.

వాస్తవం: బాగానే చేస్తుంది. తెలుగుని అర్థం చేసుకునేది మోడల్, టూల్‌కి చేరేది కొలతలూ నంబర్లే. "ఎనిమిది బొడిపెల ఎర్ర ఇటుక" అని ఏ పిల్లాడైనా అడిగితే రెండు బై నాలుగు ఇటుక ఉంది, ఒకటి బై ఎనిమిది ఇటుకా ఉంది. మూడో వంతు ఎత్తే ఉండే రెండు బై నాలుగు ప్లేట్‌ని కూడా పిల్లలు ఇటుకనే అంటారు. ఏజెంట్ ఊహించేయకుండా ఏది కావాలో తిరిగి అడగాలి. ఏ భాషలో అడిగినా ఇంతే.

అపోహ: ఖాళీ జాబితా వస్తే ఆ ముక్క లేనట్టే.

వాస్తవం: అన్నిటికన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది దీన్నే. ముక్క క్యాటలాగులోనే లేకపోవడం వేరు, ఉన్నా ఆ రంగులో రాకపోవడం వేరు, గాలివానకి నెట్ పోయి టూల్ అసలు చూడలేకపోవడం వేరు. మూడింటికీ ఖాళీ జాబితానే పంపిస్తే, ఏజెంట్ ఉన్న ముక్కని కూడా లేదనుకుని డిజైన్ మొత్తం మార్చేస్తుంది. నా టూల్‌లో వీటికి మూడు వేరువేరు జవాబులు. రంగు దొరకనప్పుడు, ఉన్న రంగుల్ని కూడా జతచేస్తాను, ఏజెంట్ వాటిలోంచి ఎంచుకుని పని కొనసాగిస్తుంది. నెట్ పోయినప్పుడు మాత్రం అక్కడే ఆగి, కూర్చున్న మనిషికి ఆ సంగతి చెప్పమంటాను.