ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయులు: బడుల్లో అపోహలు, వాస్తవాలు

ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో లింగ వైవిధ్యం గురించి మాట్లాడటం నా వృత్తిలో భాగం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి టీచరుగా చేరే ప్రస్తావన రాగానే వినిపించే అభ్యంతరాల్లో పిల్లలు లేవనెత్తేవి తక్కువ, పిల్లల పేరు చెప్పి పెద్దలు లేవనెత్తేవే ఎక్కువ.

అపోహ: వాళ్లు బడిలో ఉంటే పిల్లలకు ప్రమాదం.

వాస్తవం: ఈ భయానికి మూలాలు పాత చట్టాల్లో కనిపిస్తాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులోకి ఎక్కించి, అలా నమోదైనవారి దగ్గర 16 ఏళ్లలోపు బాలుడు కనిపిస్తే శిక్ష విధించింది. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం కూడా దాదాపు అదే నిబంధనను పెట్టుకుంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసేదాకా అది చట్టంగానే మిగిలి ఉంది. ఎవరూ ఏ నేరమూ చేయకముందే ఒక సముదాయం మొత్తాన్ని పిల్లల విషయంలో అనుమానితులుగా నిలబెట్టిన ఆలోచన వందేళ్లకు పైగా అధికారిక ముద్రతో నడిచిందంటే, అది స్టాఫ్‌రూమ్ దాకా రావడంలో ఆశ్చర్యం లేదు. పిల్లల భద్రత నిజంగానే ముఖ్యం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు ఉన్న పోక్సో చట్టం నిందితులు ఏ లింగానికి చెందినవారని చూడదు. నియామకానికి ముందు పూర్వాపరాల విచారణ అందరికీ చేయాలి. ఒక్కరికే చేస్తే దాన్ని వివక్ష అనే అంటారు.

అపోహ: చట్టం ప్రభుత్వ బడులకే, ప్రైవేటు యాజమాన్యం ఇష్టం యాజమాన్యానిది.

వాస్తవం: 2020 జనవరి 10న అమల్లోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది, ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలని కూడా అంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం పోగొట్టుకుని, గుజరాత్‌లో మరో బడి నియామకం ఖాయం చేసి కూడా చేర్చుకోని ట్రాన్స్‌జెండర్ టీచరు జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబరులో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, ఆమెకు పరిహారం ఇప్పించడంతో ఆగకుండా, చట్టాన్ని అమలు చేయని ప్రభుత్వాల నిర్లిప్తతను కూడా తప్పుపట్టింది. అయినా మీ బడిలో ఫిర్యాదుల అధికారి ఎవరని అడిగితే చాలామంది కరస్పాండెంట్లు ఇప్పటికీ నా ముఖమే చూస్తారు.

అపోహ: వాళ్లను చూసి పిల్లలూ అలా మారిపోతారు.

వాస్తవం: నేటి ట్రాన్స్‌జెండర్ పెద్దల్లో దాదాపు అందరూ ట్రాన్స్‌జెండర్ కాని టీచర్ల దగ్గరే చదువుకున్నారు. లింగ గుర్తింపు పాఠంతో వచ్చేదీ కాదు, పోయేదీ కాదు. బడి వల్ల మారేది చదువు కొనసాగడమా, మధ్యలో ఆగిపోవడమా అన్నదే: 2011 జనగణనలో లింగాన్ని 'ఇతరులు'గా నమోదు చేసుకున్నవారి అక్షరాస్యత సుమారు 56 శాతం, దేశ సగటు 74 శాతం.

అపోహ: ఆపరేషన్ అయిందో లేదో తెలుసుకునే హక్కు యాజమాన్యానికి ఉంది.

వాస్తవం: లేదు. లెక్కల టీచరును లెక్కలు అడగాలి. లింగ గుర్తింపుకు శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014లో, జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) వేసిన కేసు తీర్పులోనే చెప్పింది.

అపోహ: ఒకరిని నియమిస్తే అంగీకారం దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఇది మంచి మనసున్నవారి అపోహ కాబట్టి దీన్ని సరిచేయడం మరీ కష్టం. పశ్చిమ బెంగాల్‌లోని కృష్ణనగర్ మహిళా కళాశాలకు 2015లో ట్రాన్స్‌జెండర్ మహిళ మానబి బంద్యోపాధ్యాయ్ ప్రిన్సిపాల్ అయినప్పుడు దేశమంతా పండుగలా చెప్పుకుంది. సహకారం లేదంటూ ఆమె 2016 డిసెంబరులో రాజీనామా ఇచ్చినప్పుడు అంత చర్చ జరగలేదు. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడుల్లో కలుపుకోవడంపై జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తయారుచేసిన శిక్షణ పుస్తకం కూడా అభ్యంతరాలు రాగానే వెబ్‌సైటు నుంచి మాయమైంది. కాబట్టి పై నుంచి మార్గదర్శకాలు వస్తాయని కూర్చోకుండా, టీచరు చేరకముందే ప్రధానోపాధ్యాయులు ఆ వ్యక్తితోనే మాట్లాడి కొన్ని విషయాలు తేల్చుకోవాలి: హాజరుపట్టీలో ఏ పేరు ఉండాలి, పాత సర్టిఫికెట్లలోని పేరు ఎవరి కంటపడకూడదు, ఏ మరుగుదొడ్డి వాడతారు, తల్లిదండ్రులు ప్రశ్నిస్తే జవాబు ఎవరు చెప్పాలి. ఈ చివరి పని ప్రధానోపాధ్యాయులదే, కొత్తగా వచ్చిన టీచరుది కాదు. పిల్లలు అడిగేది మాత్రం సాధారణంగా ఒక్కటే, సార్ అనాలా మేడమ్ అనాలా అని. దానికి మొదటి పీరియడ్‌లో ఆ టీచరే జవాబు చెప్పేస్తారు.