సీసా బాగుంది, చీటీ తప్పు

వైజాగ్ డాబాగార్డెన్స్‌లో చిన్న ల్యాబ్ నడుపుతున్న మా ఫ్రెండ్‌కి ఈమధ్య డిస్ట్రిబ్యూటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఫలానా లాట్ (అంటే ఒకే విడతలో తయారైన సరుకు) క్రియాటినిన్ కాలిబ్రేటర్, అదే కిడ్నీ టెస్టుకి వాడేది, వాడకండి, రీకాల్ అయింది, పక్కన పెట్టండి, మా కుర్రాడొచ్చి పట్టుకెళ్తాడు అని. ఏమైందయ్యా అంటే లోపల సరుకు బాగానే ఉందట, దాంతో వచ్చిన చీటీలో వాల్యూ తప్పు పడిందట. ‘ఓస్, ఇంతేనా, పెన్నుతో దిద్దుకుంటే పోలా’ అన్నాడు వాడు.

పోదు. కాలిబ్రేటర్ అంటే మెషీన్‌కి మనం చూపించే తూకంరాయి. సీసాలో నిజంగా 4 ఉండి చీటీ మీద 5 అని ఉంటే, మెషీన్ ఆ మాటే నమ్మి ఆ రోజు నుంచి ప్రతి రిజల్ట్‌నీ పాతిక శాతం పెంచి చూపిస్తుంది. 1.2 ఉన్నాయనకి 1.5 వస్తుంది, ఇంటికెళ్లి కిడ్నీలు పోయాయని టెన్షన్ పడతాడు. రోజూ కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, నడిపే ల్యాబ్‌లో ఇది పొద్దున్నే దొరికిపోతుంది, కానీ కంట్రోల్ ఖర్చని వారానికోసారి సరిపెట్టేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే.

లేబుల్ తప్పుని ఇంత సీరియస్‌గా తీసుకోవడం కొత్తేమీ కాదు, అసలు చట్టం మొదట పట్టుకున్నదే లేబుల్‌ని. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందుని తాగేలా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రవంలో కరిగించి అమ్మారు, వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. అమ్మే ముందు మందు విషమో కాదో చూపించాలని అప్పటి చట్టంలో ఎక్కడా లేదు. అధికారులకి చిక్కింది ఒక్కటే: సీసా మీద ‘ఎలిగ్జిర్’ అని ఉంది, ఎలిగ్జిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి పేరు తప్పు. ఆ ఒక్క మాట పట్టుకుని దొరికిన సరుకంతా జప్తు చేశారు! మరుసటేడు వచ్చిన కొత్త చట్టంలోకి వైద్య పరికరాలూ చేరాయి. ల్యాబ్ కిట్ల లేబుల్ మీద ఏమేం ఉండాలో వాళ్లు 1973లో విడిగా రాసుకున్నారు, 1976లో పరికరాల చట్టాన్నే గట్టిపరిచారు.

మన 1940 నాటి డ్రగ్స్ చట్టంలో కూడా ‘మిస్‌బ్రాండెడ్’, అంటే తప్పు లేబుల్ సరుకు, అని 17వ సెక్షన్ ఉంది. ల్యాబ్ కిట్లు దాని కిందకి పూర్తిగా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2002లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి కిట్లని నోటిఫై చేశారు. 2017లో వైద్య పరికరాల రూల్స్ వచ్చి 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి, 2020 ఏప్రిల్ నుంచి పరికరాలన్నీ మందుల లెక్కలోకే వచ్చాయి. అంతకుముందు నోటిఫై కానివాటిలో ప్రమాదం ఎక్కువున్న సి, డి తరగతులకి లైసెన్స్ తప్పనిసరి అయింది 2023 అక్టోబర్‌లోనే, అంటే నిన్నగాక మొన్న. వస్తువు వల్ల ప్రమాదం ఉందనిపిస్తే కంపెనీయే వెంటనే వెనక్కి పిలవాలి, కారణం చెప్పాలి అని కూడా ఆ రూల్స్‌లోనే ఉంది.

అయితే రీకాల్ అంటే ప్రతిసారీ డబ్బా వెనక్కి పోవడం కాదు, ఒక్కోసారి కొత్త స్టిక్కరో కొత్త చీటీయో పంపి అక్కడికక్కడే సరిచేస్తారు. స్టిక్కర్ అంటే గుర్తొచ్చింది. విదేశీ కిట్ మీద మనవాళ్ల ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు, అడ్రసు స్టిక్కర్‌గా అతికించొచ్చు. మా ఫ్రెండ్ ఫ్రిజ్‌లో ఒక డబ్బా చూశాను, ఆ స్టిక్కర్ సరిగ్గా ఎంత చల్లగా ఉంచాలో చెప్పే థర్మామీటర్ బొమ్మ మీద పడింది, 2 నుంచి 8 డిగ్రీలు అన్న అంకెలు కిందకి పోయాయి. ఉక్కపోతకి పేరుమోసిన వైజాగ్‌లో కప్పకూడని చోటే కప్పారు.

ఇన్నాళ్లూ ఈ చీటీలు ఎక్కడో అచ్చయి మనకి వచ్చేవి. 2018లో పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మొదలయ్యాక ఆ ప్రింటింగ్ పని మన ఊళ్లోనూ జరుగుతోంది, కాబట్టి ఇది మనకి ఇంకాస్త దగ్గరి విషయం.

మా ఫ్రెండ్ సంగతికొస్తే, కుర్రాడు వచ్చి సీసాలు పట్టుకెళ్లాడు, అది పది నిమిషాల పని. ఆ లాట్‌తో ఎవరెవరికి టెస్ట్ చేశామో చూద్దామని రిజిస్టర్ తీస్తే పేరు, వయసు, రిజల్ట్ అన్నీ ఉన్నాయి, లాట్ నంబరుకి గడే లేదు. కొత్త పెట్టె విప్పింది సోమవారమా మంగళవారమా అని అసిస్టెంట్‌తో రాత్రి తొమ్మిదింటిదాకా వాదిస్తూ కూర్చున్నాడు.