అపోహలు - వాస్తవాలు: హేతువాదికి రాజకీయాలెందుకు అనేవాళ్ళకి

బస్తీల్లో, కాలేజీల్లో మేం చేసే కార్యక్రమం చాలామంది చూసే ఉంటారు. నాలుక మీద కర్పూరం వెలిగిస్తాం, చేతిలోంచి విభూతి రాలుస్తాం, తర్వాత గుట్టు విప్పేస్తాం. చప్పట్లు బాగానే పడతాయి. అంతా అయ్యాక ఎవరో ఒకాయన పక్కకి పిలిచి "బాగుంది సార్, రాజకీయాలు మాత్రం కలపకండి" అంటాడు. బయటివాళ్ళంటే పోనీలే అనుకోవచ్చు. మా హేతువాద సంఘాల్లోవాళ్ళే అంటారు, చిరాకంతా అక్కడే.

అపోహ: సైన్సుకి పార్టీ లేదు, కాబట్టి హేతువాది రాజకీయాల జోలికి పోకూడదు.

వాస్తవం: ఏ పార్టీ జెండా మొయ్యక్కర్లేదు. కానీ ఆయాసం పోతుందని బతికున్న చేపపిల్లతో కలిపి మింగించే చేప మందు సంగతే చూడండి. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో రాత్రంతా క్యూలు. కొర్రమీను పిల్లలు అమ్మేది మత్స్యశాఖ, బందోబస్తు పోలీసులది. హేతువాద సంఘాలు కోర్టు దాకా వెళ్ళాక "మందు" కాస్తా "ప్రసాదం" అయింది గానీ ప్రభుత్వ కౌంటర్లు ఎక్కడికీ పోలేదు. మనం మాత్రం ఏటా క్యూలో నిలబడ్డవాళ్ళని చూసి నవ్వుతాం. ఒకసారి అక్కడ ఒకావిడ, పక్కన ఆయాసంతో పిల్లాడు, "నెలనెలా ఇన్‌హేలర్ కొనాలంటే మాటలా అన్నా, ఇది ఊరికే ఇస్తున్నారు" అంది. ఆమె లెక్కలో తప్పేముంది? సర్కారు దవాఖానాలో ఆ ఇన్‌హేలర్ ఎందుకు దొరకట్లేదని అడిగితే అది రాజకీయమట, మేం అడగకూడదట.

జ్యోతిషం కూడా అంతే. 2001లో దాన్ని యూనివర్సిటీ కోర్సు చేసింది చదువురాని పల్లెటూరివాళ్ళేం కాదు, యూనివర్సిటీలకి నిధులిచ్చే యూజీసీ. హైదరాబాద్‌లో మన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ పెట్టిన శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ సుప్రీంకోర్టు దాకా పోరాడి 2004లో ఓడిపోయారు. చిలక జోస్యం అతన్ని నిలదీసినంత ధైర్యంగా ఆ నిర్ణయాన్ని మనలో ఎంతమంది నిలదీశారు?

అమెరికా హేతువాదులూ ఏం తక్కువ కాదు. చెంచాలు వంచే మాయగాళ్ళని ఆటాడించిన జేమ్స్ రాండీ అంతటివాడే 2009లో వాతావరణ మార్పు మీద శాస్త్రవేత్తల ఏకాభిప్రాయాన్ని అనుమానిస్తూ రాసి, తిట్లు పడ్డాక వివరణ ఇచ్చుకున్నాడు. పొగ తాగితే రోగాలొస్తాయన్న మాట మీద జనంలో అనుమానం రేపడానికి, "సందేహమే మన సరుకు" అని ఒక సిగరెట్ కంపెనీ 1969లోనే తన కాగితాల్లో రాసుకుంది. అంటే అనుమానించడాన్ని కూడా డబ్బున్నవాడు కొనుక్కోగలడు, ఆ పక్క చూడకపోతే మనల్నీ వాడేసుకుంటాడు.

మిగతావి గబగబా.

చదువుకుంటే మూఢనమ్మకాలు పోతాయి: పోవు. రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళేవాళ్ళ కంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళెవరు?

బాణామతి (చేతబడి) అంటే ఉత్త అజ్ఞానం: నింద పడ్డ ముసలమ్మకి పొలం ఎంత ఉంది, కులమేంటి, అండగా ఎవరున్నారు, ముందు అవి కనుక్కోండి. కర్పూరం తర్వాత వెలిగించొచ్చు.

హేతువాదులు దేవుణ్ణి తిడతారు: మహారాష్ట్ర హేతువాది నరేంద్ర దభోల్కర్ అడిగిన మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం ఎవర్నీ దేవుణ్ణి మానమనలేదు. 2013 ఆగస్టులో ఆయన్ని పుణెలో కాల్చి చంపాకే మహారాష్ట్రలో అది వచ్చింది. ఆయన హత్య గురించి మాట్లాడకుండా ఆయన ఫోటోకి దండ వేసే సభలకి నన్ను పిలవకండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుంది: అవ్వదు. చేప మింగినా మింగకపోయినా డాక్టర్‌ని అడక్కుండా దాన్ని ఆపకండి, పిల్లలకైతే అసలే వద్దు.