రెండున్నర గంటల్లో అమెరికానా?

చిత్తూరు,
ఆదివారం సాయంత్రం

బిడ్డలూ,

నిన్న ఫోన్లో పెద్దోడు అడిగిన మాటకి మీ అవ్వ ఇంకా నవ్వుతానే ఉంది. బెంగళూరులో మధ్యాహ్నం 2కి విమానం ఎక్కితే, అదే రోజు సాయంత్రం 4.30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామని టికెట్లో ఉందంట, అంటే రెండున్నర గంటలేనా అని. ఒరేయ్, ఇక్కడ ఎక్కిన బస్సు తిరుపతి చేరడానికే దాదాపు రెండు గంటలు కదరా!

టికెట్లో ఎక్కే టైము మన గడియారంది, దిగే టైము వాళ్ల గడియారంది. చలికాలంలో వాళ్లు మనకంటే పదమూడున్నర గంటలు వెనక. అది కూడా కలిపితే 16 గంటలు. తిరుగు ప్రయాణంలో ఇంకా తమాషా. అక్కడ శుక్రవారం రాత్రి 8కి ఎక్కి పదిహేడున్నర గంటలు ఎగిరితే, ఇక్కడ దిగేది ఆదివారం తెల్లవారుజాము 3కి. శనివారం ఎక్కడ పోయిందని మీ నాయన్ని మాత్రం అడగద్దు. లీవుల లెక్కతోనే ఆయన తలపట్టుకోనున్నాడు.

బుజ్జీ, నువ్వు అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం చెల్లదు. ఒక బత్తాయి తీసుకో. ముచ్చిక ఉత్తర ధ్రువం అనుకో. నడుముకి కాస్త పైన పెన్నుతో చుక్క పెట్టు, అది బెంగళూరు. దాదాపు అవతలి పక్కన, ఇంకొంచెం పైన మరో చుక్క, అది శాన్‌ఫ్రాన్సిస్కో. రెంటి మధ్యా దారం బిగించి లాగితే అది నడుము చుట్టూ పోదు, ముచ్చిక వైపు ఎక్కి దిగుతుంది. ఆ దారం పొడవే దాదాపు 14,000 కి.మీ. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాటు అందరూ ఆడపైలట్లే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగానే వచ్చారు.

అయితే ప్రతిసారీ దగ్గరి దారే పట్టరు. అలిపిరి మెట్లు తొమ్మిది కిలోమీటర్లే, ఘాట్ రోడ్డు దానికి రెట్టింపు. అయినా కొండమీదికి ముందు చేరేది బస్సే. అక్కడ ఇంజను చేసే పని ఆకాశంలో గాలి చేస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఏరులా పారే గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 900 కి.మీ. పోయే విమానాన్ని వెనక నుంచి 100 కి.మీ. గాలి తోస్తే వెయ్యి. ఎదురైతే ఎనిమిది వందలే. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి, గాలి పారే తూర్పు దిక్కుకే పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం 15,300 కి.మీ., అంటే పాతదానికంటే దాదాపు 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది!

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా పట్టే గంటలు టికెట్లో రాయరు. పలమనేరు వైపు తిరగక ముందే కారు మన ఇంటి దగ్గర ఆపండి, అవ్వ ఆవకాయ జాడీ కట్టి పెట్టింది. మీరు దిగేసరికి నాకు మర్నాడు పొద్దున ఆరు. పాలు తెచ్చుకుని గేటు దగ్గరే కూర్చోనుంటా, ఫోన్ చేయండి.

మీ తాత