సార్ వెంట రాని ఫీల్డ్‌వర్క్: ఇంటర్న్‌షిప్ గొడవ వెనక కథ

బీఏ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేయాలా వద్దా అన్న గొడవ హనుమకొండలో మళ్ళీ మొదలైంది. పని చేస్తూ నేర్చుకోవాలన్న గాంధీ నయీ తాలీమ్, కొఠారి కమిషన్ చెప్పిన పని అనుభవం, 1969లో వచ్చిన విద్యార్థుల సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్, ఇవన్నీ బీఎడ్ గైడ్లలో అందరూ చదివినవే కాబట్టి మళ్ళీ చెప్పను. మన దగ్గర కథ మలుపు తిరిగింది ఇంకోచోట, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

ముందు ఇప్పటి లెక్క చూద్దాం. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన క్రెడిట్ల విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ డిగ్రీకి 160. అందులో ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4, క్రెడిట్‌కు 30 గంటల చొప్పున 60 నుంచి 120 గంటలు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2020లోనే డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తెచ్చింది, మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా అందులో భాగమే. వాళ్ళు చేయగా లేనిది మనమెందుకు చేయలేం, డిగ్రీ అయిన పిల్లలకు బయటి ప్రపంచం తెలియట్లేదు, ఉద్యోగమిచ్చేవాళ్ళు అనుభవం అడుగుతున్నారు అనేది కావాలనేవాళ్ళ వాదన. అందులో తప్పేం లేదు.

వద్దంటున్న పిల్లల మాట కూడా వినాలి కదా. బీకామ్ పిల్లలకు ఆడిటర్ ఆఫీసు ఉంది, కంప్యూటర్స్ పిల్లలకు కంపెనీ ఉంది, హెచ్‌ఈపీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివే అమ్మాయిని ఎక్కడికి పంపుతారు? ఏదో ఒక ఆఫీసుకు పంపిస్తే ఫైళ్ళు మోయిస్తారు, జిరాక్స్‌లు తీయిస్తారు, లేదంటే ఎక్సెల్‌లో పేర్లు కొట్టిస్తారు. సాయంత్రం క్యాటరింగ్‌కో డెలివరీకో పోయి రూమ్ కిరాయి కట్టుకునే అబ్బాయికి ఈ 120 గంటలు జీతం లేని పనే. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి అమ్మాయిలకు ఆ ఖర్చు తప్పింది, అబ్బాయిలకు అదీ తప్పలేదు. వీళ్ళను పనిదొంగలని తిట్టేవాళ్ళు ఒక్కసారి వెనక్కి చూడాలి, తెలంగాణలో విద్యార్థులు ఊళ్ళకు పోనన్న రోజు లేదు.

1950ల మొదట్లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఒక బృందం హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు పోయింది. ముందుండి నడిపింది సామాజిక శాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే. సాంఘిక శాస్త్రాల వాళ్ళతో పాటు వ్యవసాయం, వైద్యం, పశువైద్యం, విద్యా విభాగాల టీచర్లూ విద్యార్థులూ కలిసి పోయారు. ఒకపక్క ఊరికి సేవ, ఇంకోపక్క కులం, కుటుంబం, పొలం, పండగ గురించి అడిగి రాసుకోవడం. దాని మీద దూబే 1955లో వేసిన పుస్తకం గురించి సోషియాలజీ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తారు. అయితే నాకు అందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒక్కటే, పిల్లల వెంట టీచర్లు కూడా ఊళ్ళోనే ఉన్నారు.

ఇక మన కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. చుట్టూ ఆజంజాహి బట్టల మిల్లు, కొత్తవాడ జంపఖానాల మగ్గాలు, ములుగు అడవి, అటు పోతే రామగుండం గనులు, సమాజాన్ని చదవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? రెండేళ్ళు తిరక్కుండానే 1978 వచ్చింది. ఆ వేసవిలో నక్సలైట్ రాజకీయాల వైపున్న రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అని ఊళ్ళకు పోయి, ఎవరికెంత భూమి ఉంది, జీతగాళ్ళకు ఏడాదికి ఏమిస్తున్నారు, వెట్టి ఎట్లా నడుస్తోంది అని అడిగి తెలుసుకున్నారు. సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

మన కథ మలుపు తిరిగింది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాళ్ళ రాజకీయాలతో ఒప్పుకుంటామా లేదా అన్నది వేరే చర్చ, కానీ ఆ తర్వాత నోట్‌బుక్ పట్టుకుని ఊళ్ళోకి వచ్చిన కాలేజీ పిల్లగాడంటేనే అనుమానం. ఎవరు పంపారు, ఎందుకు రాసుకుంటున్నావు అని పోలీసులు అడుగుతారు, వాళ్ళు పోయాక నక్సలైట్ల దళం అడుగుతుంది. 1980లు, 90లు అంతా అట్లాగే గడిచాయి. అప్పుడు పాఠం చెప్పిన పెద్దవాళ్ళు ఇప్పుడు కూడా అదే అంటారు, పిల్లలకు ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది అన్న టెన్షన్‌తో లైబ్రరీలో కూర్చుని రాసుకునే టాపిక్కులే ఇచ్చామని. ఆ భయం నిజమైనదే, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ టీచర్ ఊరికి పోవడం అన్న అలవాటు ఒక తరం పాటు తెగిపోయింది, తర్వాత వచ్చిన టీచర్లు ఆ పని చూడకుండానే టీచర్లయ్యారు.

ఊళ్ళకు భయం లేకుండా పోయే రోజులు వచ్చేసరికి టైమ్ లేకుండా పోయింది. 2016-17 నుంచి డిగ్రీలో సెమిస్టర్లు, సీబీసీఎస్ అనే క్రెడిట్ల పద్ధతి. పరీక్షలు, ఇంటర్నల్స్, ఫీజు గడువులు పోగా మిగిలే వారాల్లో ప్రాజెక్టు అంటే డీటీపీ షాపుకు పోయి కొనుక్కునేదైంది. నేను చూసిన ఒక రిపోర్టు అట్ట మీద వరంగల్ పక్కనున్న గీసుగొండ పేరు ఉంది, లోపల పట్టికల్లో కరీంనగర్ వైపు ఊరి పేరు అట్లాగే మిగిలిపోయింది. దానికీ మార్కులు పడ్డాయి. యూనివర్సిటీలో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉంటే ఆ పట్టికలు చదివేదెవరు?

సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ చేసేవాళ్ళను చూడండి, అక్కడ ఈ తంటా తక్కువ. 1936లో బొంబాయిలో టాటా వాళ్ళ స్కూల్ మొదలైనప్పటి నుంచి ఆ చదువులో ఫీల్డ్‌వర్క్ విడదీయలేని భాగం. మామూలుగా వారంలో రెండు రోజులు ఫీల్డ్, చేసినదాని మీద రిపోర్టు, సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడటం. బీఏకి, ఎంఏకి ఇప్పుడు తెస్తామంటున్నది ఆ గంటలనే, ఆ కూర్చుని మాట్లాడే మనిషిని మాత్రం ఇవ్వట్లేదు.

ఆ మనిషి ఎందుకంత అవసరమో మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే తెలుస్తుంది. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం అవుతుంది, పేపర్లో పడే ధర అదే. తర్వాత రైతు చేతికొచ్చిన అమ్మకం చీటీ, తక్‌పట్టీ చూస్తే ధర వేరే ఉంటుంది, తేమ ఉంది, తాలు ఉంది అని తగ్గించింది కాక హమాలీ, తూకం వేసే దడువాయి కోతలు వేరే. ఎకనామిక్స్‌లో ధర నిర్ణయం పాఠం పక్కన ఆ కాగితం పెట్టి, జెండా పాట ధర ఎవరికి దక్కింది, మిగతావాళ్ళకు ఎందుకు దక్కలేదు, ఆ కోతలు ఎవరు పెట్టారు అని అడిగితే ఒక్క రోజులో వచ్చే చదువు సెమిస్టర్ మొత్తం నోట్స్ రాసినా రాదు. అడిగేవాళ్ళు పక్కన లేకపోతే ఆ అమ్మాయి మార్కెట్ ఆఫీసులో ఎంట్రీలు కొట్టి, సర్టిఫికెట్ మీద స్టాంపు వేయించుకుని ఇంటికొస్తుంది, అదీ ఇంటర్న్‌షిప్పే అవుతుంది.

తప్పనిసరి చేయాలనేవాళ్ళు గంటలు చెప్తున్నారు, క్రెడిట్లు చెప్తున్నారు, ఆఫీసులతో చేసుకునే ఒప్పందాల (ఎంఓయూ) గురించి చెప్తున్నారు. ఈ ఊళ్ళ డిగ్రీ కాలేజీల్లో చాలా క్లాసులు నడిపేది గెస్ట్ లెక్చరర్లు, వాళ్ళకు డబ్బులొచ్చేది పీరియడ్ లెక్కన. పిల్లలను తీసుకుని ఎనుమాములకో కొత్తవాడకో పోయిన రోజు వాళ్ళకు పీరియడ్ పడదు. ఆ రోజును కూడా పీరియడ్ల కింద లెక్కగడతారా, ఖాళీ పోస్టులు ఎప్పుడు నింపుతారు అన్నదానికి ఇప్పటిదాకా జవాబు లేదు, అది వచ్చేదాకా పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు ఒప్పుకోం అంటే నేను వాళ్ళ వైపే.