శుక్లం ఆపరేషన్: లెన్స్ ఏదని కాదు, కంటిని ఎలా కొలిచారని అడగండి

ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లం ఆపరేషన్ అనగానే మన మొదటి ప్రశ్న లెన్స్ గురించే. ఇండియన్‌దా ఫారిన్‌దా, మోనోఫోకలా మల్టీఫోకలా, ఖరీదైనది వేయిస్తే అద్దాలే అక్కర్లేదట కదా... కౌన్సెలర్ ముందు కూర్చుని ఇవన్నీ మాట్లాడుకుంటాం. అంతకు కాసేపటి ముందు పక్క గదిలో ఒక టెక్నీషియన్ ఆ కంటిని కొలిచి, రెండు మూడు అంకెలున్న కాగితం ఫైల్లో పెట్టిన సంగతి ఎవరూ పట్టించుకోరు. మంచి పట్టుచీర కొని, జాకెట్టు కొలతలు మాత్రం టైలర్‌కి అందాజాగా చెప్పినట్టుంటుంది వ్యవహారం. నా లెక్కలో ఆపరేషన్ తర్వాత చూపు ఎలా ఉంటుందన్నది లెన్స్ బ్రాండ్ కంటే ఎక్కువగా ఆ కాగితం మీదే ఆధారపడుతుంది, ఎందుకో చెప్తాను.

కంటి మొత్తం పవర్ దాదాపు 60 డయాప్టర్లు (అద్దాల నంబరుని చెప్పే యూనిటే ఇది). అందులో 43 దాకా కంటి ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియాదే. మిగతాది లోపలి సహజ లెన్స్‌ది. వయసుతో మసకబారేది ఈ లెన్సే, దాన్నే శుక్లం అంటాం. దాన్ని తీసేసి ఆ స్థానంలో ప్లాస్టిక్ లెన్స్ పెట్టాలంటే, వచ్చే వెలుగు సరిగ్గా వెనకనున్న రెటీనా మీద పడేంత పవర్ ఉన్నదే పెట్టాలి. దానికి ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి: కార్నియా ఎంత వంపు తిరిగి ఉంది, కంటి ముందు నుంచి రెటీనా దాకా ఎంత పొడవుంది. ఆ పొడవు పెద్దవాళ్ళలో సగటున 23.5 మిల్లీమీటర్లు. ఇది ఒక్క మిల్లీమీటరు తప్పుగా కొలిస్తే ఆపరేషన్ ఎంత అందంగా చేసినా రోగికి రెండు, రెండున్నర డయాప్టర్ల అద్దాలు మిగులుతాయి. మిల్లీమీటరులో పదో వంతు తప్పినా పావు డయాప్టర్ తేడా వస్తుంది.

ఒకప్పుడు ఈ గొడవే లేదు, ఎందుకంటే లెన్సే పెట్టేవాళ్ళు కాదు. శుక్లాన్ని తీసేసి పది డయాప్టర్ల చుట్టుపక్కల ఉండే సోడాబుడ్డి అద్దాలు చేతిలో పెట్టేవాళ్ళు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ పావు వంతు పెద్దగా, దగ్గరగా కనిపించేది, అంచుల దగ్గర చుట్టూ ఒక వలయంలా ఏమీ కనిపించేది కాదు, అందుకే ఆ తరం తాతలు మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకునేవారు. పాపం, ఆ అద్దాలు పోతే మనిషి మళ్ళీ గుడ్డివాడే.

కంట్లోనే లెన్స్ పెట్టాలన్న ఆలోచనని చేసి చూపించింది హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కాక్‌పిట్ పైకప్పు పగిలి, ఆ పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినా కన్ను వాటిని ఓర్చుకోవడం ఆయన గమనించారు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించి 1949 నవంబరు 29న సెయింట్ థామస్ హాస్పిటల్లో మొదటిసారి కంట్లో పెట్టారు. పదార్థం విషయంలో ఆయన అంచనా అద్భుతంగా నిజమైంది. పవర్ విషయంలో మాత్రం ఘోరంగా తప్పింది. సహజ లెన్స్ వంపుల్ని ఆదర్శంగా తీసుకున్నారు, కానీ ఆ ప్లాస్టిక్ వెలుగుని సహజ లెన్స్ కంటే గట్టిగా వంచుతుంది. దాంతో ఆ మొదటి పేషెంటుకి పదిహేను డయాప్టర్లకు పైగా మైనస్ పవర్ వచ్చింది! చేతిపనికి ఏమీ వంక పెట్టలేం, లెక్క తప్పిందంతే.

ఆ తర్వాత కూడా చాలాకాలం అందరికీ దాదాపు ఒకే పవర్ లెన్స్, 18 లేదా 19 డయాప్టర్లది, పెట్టేవాళ్ళు. ఇంకాస్త జాగ్రత్తపడేవాళ్ళు పేషెంటు పాత అద్దాల నంబరు చూసి కొంచెం అటూ ఇటూ సర్దేవాళ్ళు. ఇందులో ఒక తమాషా చిక్కుంది. కొన్ని రకాల శుక్లాలు ముదిరే కొద్దీ లెన్స్ మధ్యభాగం గట్టిపడి మైనస్ పవర్ పెరుగుతుంది, అంతవరకూ రీడింగ్ గ్లాసెస్ పెట్టుకున్న పెద్దాయన ఉన్నట్టుండి అద్దాలు లేకుండా పేపరు చదివేసి నా చూపు తిరిగొచ్చిందని ఊరంతా చెప్తాడు. అది చూపు బాగుపడటం కాదు, శుక్లం పనే. ఆ నంబరుని నమ్మి లెన్స్ ఎంచితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అందాజా పోయి కొలత వచ్చింది ఎ-స్కాన్‌తో. పెన్నులాంటి ప్రోబ్‌ని, మత్తు చుక్కలు వేసిన కన్ను మీద ఆనిస్తారు. అందులోంచి మామూలుగా 10 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ వెళ్ళి కార్నియా, లెన్స్ ముందు వెనకలు, రెటీనా ఇలా ఒక్కోదాన్నీ తగిలి ప్రతిధ్వనిగా వెనక్కి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టే మొత్తం సమయం సుమారు 30 మైక్రోసెకన్లు. మెషీను నిజంగా కొలిచేది ఈ సమయాన్నే, పొడవుని కాదు. పొడవు కావాలంటే కంట్లో శబ్దవేగం ఎంతో ముందే అనుకోవాలి: లోపలి ద్రవాల్లో సెకనుకి 1532 మీటర్లు, లెన్స్‌లో 1641. మామూలు కంటికి ఈ అంచనా చక్కగా సరిపోతుంది. కానీ రెటీనా ఆపరేషన్ అయ్యి లోపల సిలికాన్ ఆయిల్ నింపిన కంట్లో శబ్దం సెకనుకి సుమారు వెయ్యి మీటర్ల వేగంతో నత్తనడక నడుస్తుంది. ఆ సంగతి మెషీనుకి చెప్పకపోతే మామూలు కంటిని కూడా 30 మిల్లీమీటర్లు దాటిన రాక్షసి కన్నుగా చూపిస్తుంది.

అంతకంటే ఎక్కువగా, రోజూ జరిగే తప్పు టెక్నీషియన్ చేతిది. ప్రోబ్‌ని కాస్త గట్టిగా నొక్కితే కార్నియా లోపలికి అణిగి కన్ను పొట్టిదైనట్టు రీడింగ్ వస్తుంది, పొట్టి కంటికి ఎక్కువ పవర్ కావాలి కాబట్టి ఎక్కువ పవర్ లెన్స్ పడుతుంది, చివరికి పేషెంటుకి దూరం మసకగా కనిపిస్తుంది. నొక్కింది మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులే, కానీ ఫలితం కళ్ళజోడులో తేలుతుంది. దీన్ని తప్పించడానికే ఇమ్మర్షన్ పద్ధతి వచ్చింది. కన్ను మీద చిన్న గిన్నెలాంటి షెల్ పెట్టి సెలైన్ నింపి, ప్రోబ్ కార్నియాని తాకకుండా ఆ నీటిలోంచి కొలుస్తారు. మెషీను అదే, పద్ధతి మారితే చాలు. కాస్త సమయం ఎక్కువ పడుతుంది, అందుకే రద్దీ చోట్ల బద్ధకిస్తారు.

ఈ అంకెలు లెన్స్ పవర్‌గా ఎలా మారతాయో చూపించడానికి 1980లో వచ్చిన ఎస్ఆర్‌కె సూత్రమే ఇప్పటికీ తేలిక. లెన్స్ డబ్బా మీద ఉండే ఎ-కాన్‌స్టెంట్, అంటే ఆ రకం లెన్స్‌కి ఇచ్చిన స్థిరమైన అంకె, లోంచి, కంటి పొడవుని 2.5తో, కార్నియా పవర్‌ని 0.9తో హెచ్చించి తీసేయాలి. ఎ-కాన్‌స్టెంట్ 118.4, పొడవు 23.5, కార్నియా 43.5 అనుకుందాం. 118.4 లోంచి 58.75, 39.15 తీసేస్తే 20.5 వస్తుంది. ఆ కంటికి 20.5 లెన్స్. పొడవు 24.5 అని తప్పు పడితే జవాబు 18కి దిగిపోతుంది. ఇవాళ ఇంత సాదా సూత్రం ఎవరూ వాడరు, మరీ పొట్టి, మరీ పొడుగు కళ్ళలో ఇది బాగా తప్పుతుంది కాబట్టి బారెట్, హైగిస్, హాఫర్ లాంటి వాళ్ళ సూత్రాలు వచ్చాయి. అయినా లోపలికి వెళ్ళే అంకె తప్పయితే ఎంత తెలివైన సూత్రమూ కాపాడలేదు.

1999లో జైస్ కంపెనీ ఐఓఎల్ మాస్టర్ అనే మెషీను తెచ్చింది. శబ్దం బదులు వెలుగు. గడ్డం ఆనించి లోపలి దీపాన్ని చూస్తూ కూర్చుంటే చాలు, కన్నుకి ఏదీ తగలదు, నొక్కడం అనే మాటే లేదు. ఎ-స్కాన్ మిల్లీమీటరులో పదో వంతు దగ్గర తడబడుతుంటే ఇది వందో వంతుల్లో చెప్తుంది. పైగా పేషెంటు దీపాన్ని చూస్తున్నాడు కాబట్టి సరిగ్గా చూపు పడే చోటు దాకానే కొలత వస్తుంది. అయితే వెలుగు వెనక్కి రావాలంటే ముందు లోపలికి వెళ్ళాలి కదా. మన దగ్గర ఇప్పటికీ శుక్లం బాగా ముదిరితేనే ఆపరేషన్ చేయించాలి అనే నమ్మకం గట్టిగా ఉంది, పాతకాలపు పద్ధతుల్లో దానికో అర్థం ఉండేదేమో కానీ ఇప్పుడు లేదు. తెల్లగా పండిపోయిన శుక్లంతో వస్తే ఆ ఖరీదైన మెషీను చేతులెత్తేస్తుంది, టెక్నీషియన్ మళ్ళీ పాత ఎ-స్కాన్ ప్రోబ్ బయటికి తీయాల్సిందే. కొత్త తరం మెషీన్లు ముదిరిన శుక్లాల్లోంచి కూడా ఎక్కువసార్లు దూరగలుగుతున్నాయి, అన్నిసార్లూ కాదు.

రెండో కొలత కార్నియా వంపు, టెక్నీషియన్లు 'కె రీడింగ్' అంటారు. కార్నియాని కుంభాకార అద్దంలా వాడుకుని, దాని మీద పడ్డ ప్రతిబింబం సైజుని బట్టి వంపు లెక్కకట్టడమే ఇక్కడి కిటుకు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850ల నాటి పరికరం నుంచి ఇప్పటిదాకా మూలసూత్రం అదే. వంపు కొలిచే ఈ పరికరం, అంటే కెరటోమీటర్, సరిగ్గా చెప్తోందో లేదో చూడటానికి వ్యాసార్ధం కచ్చితంగా తెలిసిన స్టీలు గుండ్లు ఉంటాయి. ఆ గుండుని కంటి స్థానంలో పెట్టి రీడింగ్ తీస్తే రావాల్సిన అంకె వచ్చి తీరాలి. గుండు దొరికినంత తేలిగ్గా మంచి కన్ను దొరకదు. కన్ను పొడిబారి ఉంటే ప్రతిబింబం చెదురుతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళ కార్నియా వాటి ఒత్తిడికి కొంచెం ఆకారం మారి ఉంటుంది కాబట్టి కొలతకి ముందు కొన్నాళ్ళు, గట్టి రకమైతే ఇంకా ఎక్కువ రోజులు, వాటిని మానేయమంటారు. ఇవాళే కదా, ఏమవుతుందిలే అని పెట్టుకుని వెళ్ళకండి.

లాసిక్, అంటే అద్దాలు పోవడానికి లేజర్‌తో కార్నియా ఆకారం మార్చే ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళ కథ వేరు. కెరటోమీటర్ కొలిచేది కార్నియా ముందు వైపునే, వెనక వైపు వంపు దానికి ఒక మామూలు నిష్పత్తిలో ఉంటుందని అనుకుని మొత్తం పవర్ చెప్తుంది. లాసిక్ ముందు వైపుని మాత్రమే చదును చేస్తుంది, ఆ నిష్పత్తి చెడుతుంది. మైనస్ పవర్‌కి లాసిక్ చేయించుకున్నవాళ్ళకి పాత పద్ధతిలో లెక్కవేస్తే లెన్స్ పవర్ తక్కువ పడి, ఆపరేషన్ తర్వాత ప్లస్ అద్దాలు వస్తాయి. వీళ్ళకని వేరే సూత్రాలు ఉన్నాయి, కానీ లాసిక్ అయిందని డాక్టరుకి తెలిస్తేనే కదా వాడేది. పెళ్ళికి ముందు అద్దాలు వద్దని లాసిక్‌కి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ తరం ఇంకో పదిహేను ఇరవై ఏళ్ళలో శుక్లం వయసుకి వస్తుంది. అప్పటి రిపోర్టులు ఉంటే పారేయకండి.

లెన్స్‌ని మరీ తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. 1992లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు లెన్సులు తయారుచేసే ఆరోల్యాబ్ పెట్టేనాటికి బయటి లెన్స్ వంద డాలర్ల మాట, వాళ్ళు దాన్ని పది డాలర్ల స్థాయికి తెచ్చారు. సోడాబుడ్డి అద్దాలు మన ఊళ్ళలోంచి మాయమైన కథలో ఆ ధర భాగం పెద్దదే. లెన్స్ తయారీకి అంతర్జాతీయ ప్రమాణాలూ ఉన్నాయి: 20 డయాప్టర్లని రాసున్న లెన్స్ నిజంగా 19.6 నుంచి 20.4 మధ్య ఎక్కడున్నా పాస్ అయినట్టే. లెన్సులు మామూలుగా అర డయాప్టర్ మెట్లలో దొరుకుతాయి కాబట్టి ఆ సందులో కూడా కొంచెం జారుడు ఉంటుంది. అంటే కొలతలో చేసే తప్పు వీటన్నిటి మీదా వచ్చి కూర్చుంటుంది.

ఆపరేషన్‌కి ముందు ఎవరూ కొలవలేనిది ఇంకోటుంది. కొత్త లెన్స్ లోపల ఎంత లోతులో స్థిరపడుతుందో ముందే చెప్పలేరు, ఎందుకంటే అది ఇంకా అక్కడ లేదు. అర మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చున్నా అద్దాల నంబరు మారుతుంది. కొత్త సూత్రాల తెలివంతా ఈ లోతుని ఊహించడంలోనే ఉంది.

కాబట్టి కౌన్సెలర్ దగ్గర లెన్స్ ధరతో పాటు ఒక మాట అడగండి: కొలిచింది ఎ-స్కాన్‌తోనా, వెలుగుతో కొలిచే ఆప్టికల్ మెషీనుతోనా? రెండు కళ్ళూ కొలిచారా? మామూలుగా రెండు కళ్ళ పొడవులో 0.3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండదు, ఉంటే మంచి టెక్నీషియన్ మళ్ళీ కొలుస్తాడు. డిశ్చార్జ్ కార్డు మీద అతికించే లెన్స్ స్టిక్కర్‌ని, కంటి కొలతలుండే బయోమెట్రీ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మొదటి కంటికి వేసిన పవర్ ఎంత, చివరికి మిగిలిన నంబరు ఎంత అన్నది చేతిలో ఉంటే, రెండో కంటికి లెన్స్ ఎంచేటప్పుడు డాక్టరు ఆ తేడాని కూడా లెక్కలో కలుపుకోగలరు.