రీడింగ్ లిమిట్‌లో ఉంటే బేరింగ్ బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

"వైబ్రేషన్ రీడింగ్ గ్రీన్‌లోనే ఉంది కదా సార్, బేరింగ్ ఎలా పోయింది?" బ్రేక్‌డౌన్ అయిన చోటల్లా నన్ను అడిగేది ఇదే.

అపోహ: ఓవరాల్ వెలాసిటీ (మొత్తం వైబ్రేషన్ వేగాన్ని ఒకే అంకెలో చెప్పే రీడింగ్) లిమిట్ దాటకపోతే మెషీన్‌కి ఢోకా లేదు.

వాస్తవం: ఐఎస్‌ఓ పట్టిక ప్రకారం గట్టి ఫౌండేషన్ మీదున్న 15 నుంచి 300 కిలోవాట్ల మెషీన్‌ని 2.8 మి.మీ./సె. దాకా నిశ్చింతగా నడపొచ్చు. అన్‌బ్యాలెన్స్ (తిరిగే భాగంలో బరువు ఒక పక్కకి ఎక్కువవడం), మిస్‌అలైన్‌మెంట్ (షాఫ్ట్‌లు ఒకే వరసలో లేకపోవడం) లాంటివి ఆ అంకెలో బాగానే బయటపడతాయి. బేరింగ్ సంగతి వేరు. రేసు (బాల్స్ దొర్లే రింగు) మీద చిన్న పెచ్చు లేస్తే, బాల్ దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ టక్కున తగులుతుంది. ఆ దెబ్బ మోగేది కిలోహెర్ట్జ్‌లలో. మనం వెలాసిటీ చూసేది మామూలుగా 10 నుంచి 1000 హెర్ట్జ్ లోపే. మరి మొదట్లో ఎలా కనబడుతుంది? యాక్సిలరేషన్, ఎన్వలప్ (ఆ దెబ్బలు సెకనుకి ఎన్నిసార్లు పడుతున్నాయో విడదీసి చూపే పద్ధతి) చూడాల్సిందే.

ఒక కాగితం మిల్లులో 110 కిలోవాట్ల పంపు మోటారు, 1480 ఆర్‌పీఎం. వెలాసిటీ 1.2 నుంచి 1.6కి పెరిగింది, అంతే. ప్రొడక్షన్ వాళ్లు ఆపనివ్వలేదు. ఎన్వలప్ స్పెక్ట్రంలో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఉందో చూపే గ్రాఫ్) మాత్రం 76 హెర్ట్జ్ దగ్గర, 152 దగ్గర, 228 దగ్గర వరుసగా పీక్‌లు నిలబడ్డాయి. 8 బాల్స్ ఉన్న ఆ బేరింగ్‌కి ఔటర్ రేస్ (బయటి రింగు) ఫ్రీక్వెన్సీ ఆ 76, మిగతా రెండూ దాని రెట్లు. పట్టుబట్టి షట్‌డౌన్‌లో విప్పించాను. ఔటర్ రేస్‌లో లోడ్ పడే అడుగుభాగాన చింతగింజంత పెచ్చు ఊడి ఉంది.

ఇంకో ప్రమాదం ఉంది. బేరింగ్ చివరి దశకొచ్చాక పెచ్చు అంచులు అరిగి, హై ఫ్రీక్వెన్సీ రీడింగ్ ఒక్కోసారి తగ్గుతుంది కూడా. గ్రీజు కొట్టగానే తగ్గిందని ఊరుకోకండి, మర్నాడు మళ్లీ కొలవండి.

అపోహ: వైబ్రేషన్ పెరిగితే బేరింగ్ మార్చేయాలి.

వాస్తవం: ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగని లాగే ఫ్యాన్) ఇంపెల్లర్‌కి, అంటే తిరిగే రెక్కల చక్రానికి, దుమ్ము పట్టి 1ఎక్స్ (షాఫ్ట్ తిరిగే స్పీడు దగ్గరి వైబ్రేషన్) పెరిగితే, కొత్త బేరింగ్ వేసినా అదే ఊపు. ముందు ఇంపెల్లర్ గోకించండి.

చెయ్యి పెట్టి చెప్పేస్తామనే మాట ఇక వదిలేయండి. కిలోహెర్ట్జ్ వైబ్రేషన్ చేతికి తెలియదు.

నైట్ షిఫ్ట్‌లో ఒంటరిగా ఉండే కుర్రాళ్ల టెన్షన్ నాకు తెలుసు. నిన్న 2 ఉన్నది ఇవాళ 3 అయితే గుండె జారిపోతుంది. ముందు అదే పాయింట్‌లో, అదే దిశలో, అదే లోడ్ మీద తీశారా చూడండి. ప్రోబ్ మ్యాగ్నెట్ కింద పెయింట్ పెళ్లలుంటే తుడిచి మళ్లీ తీయండి. అప్పటికీ 3 ఉంటే స్పెక్ట్రం, ఎన్వలప్ రెండూ సేవ్ చేసి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.